చేతిలో పని ఉన్నది, కాగితం లేదు

(వాడరేవులో జరిగిన యువకుల, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉపన్యాసకులము కాము. జీవితమంతా ప్రభుత్వ కార్యాలయాలలో గుమస్తాలుగా దస్త్రాల మధ్య గడిపి, అరవై దాటిన తరువాత ఇంటికి చేరినవాళ్ళము. మాబోటి విశ్రాంత ఉద్యోగులము నలుగురైదుగురము కలసి ప్రతి ఆదివారం ఒక గదిలో బల్ల వేసుకుని కూర్చుంటాము. వచ్చినవారి దరఖాస్తులు నింపిపెడతాము. కుల ధ్రువపత్రం ఎక్కడ ఆగినదో కనుక్కుంటాము. పింఛను కాగితాలలో తప్పులు దిద్దుతాము. ఆ బల్ల దగ్గర కూర్చోవడం వల్ల మాకు తెలిసివచ్చిన ఒక విషయాన్ని ఈరోజు మీ ముందు పెట్టదలచాము. విద్యుత్తు, సమాచార సాధనాలు, ఇంధనం అనే మూడు రంగాలలో మన పిల్లలు ఏ పనులు చేస్తున్నారు, ఆ పనుల వల్ల వారికి దక్కవలసిన హక్కులు ఎందుకు దక్కడం లేదు అన్నదే ఆ విషయం.

మనం సమావేశమైన ఈ వాడరేవునే చూడండి. ఇక్కడి దీపస్తంభం వెలుగు చూసి మత్స్యకార సోదరులు రాత్రివేళ తీరాన్ని ఆనవాలు పడతారు. తీరం వెంబడి రొయ్య పిల్లల హేచరీలు ఉన్నాయి. కొంచెం లోపలికి పోతే రొయ్యల చెరువులు. ఇంకా పైకి పోతే చిలకలూరిపేట పరిసరాల నూలు మిల్లులు, జిన్నింగు మిల్లులు, గుంటూరు చుట్టూ మిర్చి నిలువచేసే కోల్డ్ స్టోరేజీలు. వీటిలో ఏ ఒక్కటీ కరెంటు లేకుండా ఒక పూట నడవదు. హేచరీలో గాలి ఆడించే యంత్రం ఆగితే లక్షల పిల్లలు చనిపోతాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలు కూలి, తీగలు తెగి, ఫోన్లు మూగబోయి మనమంతా చీకటిలో కూర్చున్నాము. అప్పుడు ఇంటింటా ఎదురుచూసినది తీగ సరిచేసే మనిషి కోసమే. ఆ మనిషిని పని అయ్యేవరకు తలచుకుంటాము. అయిన తరువాత అతడు ఎవరు, అతనికి జీతమెంత, పడిపోతే దిక్కెవరు అని అడగము.

కొన్నేళ్ళ క్రితం మా బల్ల దగ్గరకు ఒక తల్లి వచ్చారు. ఆమె పేరు చెప్పము, ఊరు కూడా చెప్పము. ఇరవై మూడేళ్ళ ఆమె కుమారుడు ఒక రొయ్యల చెరువు మీద కరెంటు పని చేస్తూ ఉండేవాడు. వానాకాలం రాత్రి ఏరియేటరు ఆగిపోయినదని కబురు వస్తే వెళ్ళాడు. తడిసిన గట్టు మీద నిలబడి స్టార్టరు డబ్బా మూత తీశాడు. తిరిగి రాలేదు. ఆ తల్లి ఒక ప్లాస్టిక్ సంచిలో రేషను కార్డు, ఆధార్ కార్డు, కుమారుని ఫోటో, ఒక ఫోన్ నంబరు రాసిన చీటీ తెచ్చి మా ముందు పెట్టారు. "భాయ్‌సాబ్, ఏమైనా వస్తుందా?" అని అడిగారు.

మేము అలవాటుగా కాగితాలు అడిగాము. జీతం చీటీ ఉన్నదా? లేదు. హాజరు పుస్తకం? లేదు. బ్యాంకులో జీతం పడినదా? చేతికే ఇచ్చేవారు. వైర్‌మన్ పర్మిట్? ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు. చెరువు యజమాని "అతడు మా పనివాడు కాడు, ఆ ఒక్క రాత్రి పిలిస్తే వచ్చాడు" అన్నాడు. మోటార్ల పని ఒప్పుకున్న కాంట్రాక్టరు "నా దగ్గర రాసిపెట్టుకున్న మనిషి కాడు" అన్నాడు. పన్నెండేళ్ళ వయసులో ఉస్తాదు దగ్గర చేరి, పదకొండేళ్ళు కరెంటు పని చేసిన ఆ కుర్రవాడు కరెంటు పనివాడని చెప్పే ఒక్క కాగితం ఈ లోకంలో లేదు.

అప్పట్లో అమలులో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం ప్రకారం పనిలో ఉండి మరణించిన వాని కుటుంబానికి రావలసిన సొమ్మును అతని నెల జీతాన్ని బట్టి, వయసును బట్టి లెక్క కట్టేవారు. రెండేళ్ళలోపు దావా వేయవలసి ఉండేది. ఆ తల్లి వచ్చేసరికి అప్పటికే ఇరవై నెలలు గడిచిపోయాయి. చివరకు పెద్దమనుషులు కూర్చుని కొంత సొమ్ము ఇప్పించారు. చట్టప్రకారం రావలసిన దానిలో అది ఎన్నో వంతో మేము లెక్క వేయలేకపోయాము. జీతం ఎంతో రాసిన చోటు ఎక్కడా లేదు కదా. ఆ ఆదివారం మేము ఇంటికి వెళ్ళి అన్నం తినలేకపోయాము. ముప్పయి ఏళ్ళకు పైగా కాగితాలతోనే బ్రతికిన మేము, మన పిల్లలలో ఎంతమందికి కాగితం లేదో ఒక్కనాడూ చూడలేదని అప్పుడు తెలిసినది.

అసలు మనవాళ్ళు ఈ పనులలోనికి ఎట్లా వచ్చారో ఒకసారి గుర్తు చేసుకుందాము. మన నల్లరేగడి నేల పత్తి నేల. పత్తి పండేచోట దూదేకేవారు ఉంటారు. దూదేకుల, నూర్‌బాషా, పింజారీ, లద్దాఫ్ అని పలు పేర్లతో పిలువబడిన మన సోదరులు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకు, దిండ్లకు దూది ఏకి ఇచ్చేవారు. తరువాత దూదేకే యంత్రం వచ్చినది. విల్లు అటక ఎక్కినది. యంత్రాన్ని తిప్పేది కరెంటు మోటారు. విల్లు పట్టినవారి కొడుకులలో కొందరు ఆ మోటారును విప్పడం, చుట్టడం నేర్చుకున్నారు.

1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ విద్యుత్ మండలి ఏర్పడినది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వచ్చిన తరువాత తీగలు పల్లెలకు పరుగెత్తాయి. బావుల మీద ఆయిల్ ఇంజన్లు పోయి కరెంటు మోటార్లు వచ్చాయి. అయితే పల్లెకు చేరే కరెంటుకు వోల్టేజీ తక్కువ. వోల్టేజీ పడిపోతే నీరు తోడే మోటారు మరింత కరెంటును లాగుతుంది. లోపలి రాగి చుట్టలు వేడెక్కి, వార్నిష్ మాడి, మోటారు కాలిపోతుంది. అందుకే ప్రతి మండల కేంద్రంలోనూ, ప్రతి చిన్న పట్నంలోనూ మోటారు రివైండింగ్ షెడ్డు వెలిసినది. ఆ షెడ్లలో కాలిన రాగి తీగను ఊడదీసి, చుట్టు లెక్క పెట్టి, కొత్త తీగ చుట్టే చేతులలో మనవారి చేతులు చాలా ఉన్నాయి.

సమాచార రంగంలోనూ ఇదే కథ. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైనది. ఇళ్ళలోనికి రేడియో వచ్చాక, గడియారాలు బాగుచేసే సాయిబు కొట్టు పక్కనే రేడియో మెకానిక్ కొట్టు కూడా వచ్చినది. తరువాత టేపు రికార్డరు, టీవీ వచ్చాయి. ఆ తరువాత ఎస్టీడీ బూతు. ఇప్పుడు సెల్‌ఫోన్ రిపేరు. తాత గడియారంలోని చిన్న చక్రాన్ని భూతద్దంతో చూశాడు. మనవడు ఫోనులోని చిప్పును అదే తీరున భూతద్దం కింద పెట్టి టంకం వేస్తున్నాడు. హైదరాబాదు అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్‌ను చూసినవారికి ఈ నైపుణ్యం ఏ స్థాయిలో ఉన్నదో మేము వర్ణించి చెప్పనక్కరలేదు.

కాబట్టి మన పిల్లలకు పని రాదు అనడం అన్యాయం. 2006లో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక కూడా ఈ మాటే మరో విధంగా చెప్పినది. అప్పట్లో దేశంలోని ముస్లిం శ్రామికులలో 61 శాతం మంది స్వయం ఉపాధి మీద బ్రతికేవారు. హిందూ శ్రామికులలో ఆ సంఖ్య 55 శాతం. అదే సమయంలో రైల్వే ఉద్యోగులలో ముస్లింలు 4.5 శాతం మాత్రమే. అనగా మనవాడు సొంత కొట్టు పెట్టుకుంటాడు, సొంత పనిముట్లు కొనుక్కుంటాడు, సొంత ప్రమాదం మోసుకుంటాడు. పింఛను, భవిష్య నిధి, పరిహారం ఉన్న పుస్తకాలలో మాత్రం అతని పేరు అరుదుగా కనబడుతుంది.

ఈ పుస్తకాలు కూడా రానురాను చిక్కిపోతున్నాయి. విద్యుత్ మండలిని 1999 ఫిబ్రవరి 1న ఉత్పత్తి సంస్థగా, ప్రసార సంస్థగా విభజించారు. మరుసటి సంవత్సరం పంపిణీ సంస్థలు వేరుపడ్డాయి. మన ప్రాంతం తరువాత విజయవాడ కేంద్రంగా ఏర్పడిన మధ్య ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ పరిధిలోనికి వచ్చినది. ఈ మార్పుల కాలంలోనే సబ్‌స్టేషన్లలోను, లైన్ల మీద కాంట్రాక్టు పనివారు పెరిగారు. టెలిఫోను శాఖ 2000 అక్టోబరు 1న భారత్ సంచార్ నిగమ్‌గా మారినది. 2020 జనవరి 31న ఆ సంస్థ నుండి ఒక్కరోజే 78 వేలకు పైగా ఉద్యోగులు స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. తంతి సేవ 2013 జూలైలోనే ముగిసిపోయినది. ఇన్ని ఉద్యోగాలు పోయినా పని ఎక్కడ తగ్గినది? కరెంటు స్తంభాల వెంట ఫైబర్ తీగ లాగుతున్నారు. ప్రతి ఊరిలో సెల్ టవరు ఉన్నది. తెగిన ఫైబర్‌ను వెంట్రుక మందాన అతికించే పనివాడు అర్ధరాత్రి పిలిచినా రావాలి. తీగ, స్తంభం, టవరు అన్నీ పెరిగాయి. వాటి మీద పనిచేసే మనిషి మాత్రం హాజరు పుస్తకం నుండి బయటకు వచ్చి, ఎవరో ఒక ఉపకాంట్రాక్టరు ఫోనులోని నంబరుగా మిగిలాడు.

ఇప్పుడు చట్టం ఏమి చెబుతున్నదో చూడండి. పాత 1956 నాటి విద్యుత్ నియమాలలో ఉన్న మాటనే 2010లోను, తిరిగి 2023లోను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తన భద్రతా నిబంధనలలో ఉంచినది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చడం వంటి చిన్న పనులను మినహాయిస్తే, ఏ విద్యుత్ స్థాపన పని అయినా లైసెన్సు కలిగిన కాంట్రాక్టరు ద్వారా, యోగ్యతా పత్రం ఉన్న వ్యక్తి పర్యవేక్షణలో, పర్మిట్ ఉన్న పనివాని చేత జరగాలి. ఈ లైసెన్సులు, పర్మిట్లు రాష్ట్ర ప్రభుత్వం ఇస్తుంది. దీని అర్థం ఏమిటి? కొత్త ఇంటికి వైరింగు మొత్తం మన కుర్రవాడు చేస్తాడు. గోడకు గాడి కొట్టడం, పైపు దించడం, తీగ లాగడం, బోర్డు బిగించడం అన్నీ అతనివే. మీటరు కోసం దరఖాస్తు పెట్టేటప్పుడు పని పూర్తయినట్లు ధ్రువీకరణ కావాలి. అక్కడ లైసెన్సు ఉన్న మరొకరు సంతకం పెడతారు. సంతకానికి వేరే రుసుము. పని ఒకరిది, సంతకం ఒకరిది. చెమట మనది, ముద్ర మనది కాదు.

ఇంతకన్న ఘోరమైనది మరొకటి ఉన్నది. కొన్నిచోట్ల స్తంభం ఎక్కవలసిన వ్యక్తికి బదులు ప్రైవేటు కుర్రవాడు ఎక్కుతాడు. అతనికి రోజుకు కొంత చేతిలో పెడతారు. లైన్ క్లియర్ ఎవరి పేరున తీసుకున్నారో అతనికి తెలియదు. నడుముకు బెల్టు ఉండదు, చేతికి రబ్బరు తొడుగు ఉండదు. అతడు పడిపోతే ఆ స్తంభం ఎందుకు ఎక్కాడని అతని మీదనే ప్రశ్న వస్తుంది. విద్యుత్ ప్రమాదం జరిగితే తెలియపరచాలని, విచారణ జరపాలని 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షన్ చెబుతున్నది. అయితే విచారణలో నిలబడడానికి కూడా ముందు అతడు పనివాడని తేలాలి.

ఈ మాట చెప్పినప్పుడు యువకులు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు. "చాచా, కాగితం అన్నం పెడుతుందా? ఐటీఐ చదివినవాళ్ళు ఖాళీగా తిరుగుతున్నారు, మేము రోజూ సంపాదిస్తున్నాము కదా?" అంటారు. ఆ ప్రశ్నలో నిజం ఉన్నది. పని రాని కాగితం అన్నం పెట్టదు. అటువంటి కాగితాలు పట్టుకుని మా బల్ల దగ్గరకు వచ్చే పిల్లలనూ చూస్తున్నాము. కానీ మీ స్థితి వేరు. మీకు పని వచ్చు. ఆరోగ్యం ఉన్నంతకాలం, పిలిచేవారు ఉన్నంతకాలం కాగితం అవసరం మీకు కనబడదు. చెయ్యి కాలిన రోజున, కూలి ఎగ్గొట్టిన రోజున, బ్యాంకు అప్పు అడిగిన రోజున, విదేశానికి బయలుదేరిన రోజున, ప్రభుత్వ ప్రకటన వెలువడిన రోజున కనబడుతుంది. అప్పుడు వెతికితే దొరకదు.

ప్రభుత్వ ప్రకటన అన్నాము గనుక ఆ ఒక్క సంగతి వివరంగా చెబుతాము. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు ఏర్పాటు చేసినప్పుడు రాష్ట్రంలో దాదాపు 8 వేల ఎనర్జీ అసిస్టెంట్ పోస్టులు, అనగా రెండవ గ్రేడు జూనియర్ లైన్‌మన్ పోస్టులు వచ్చాయి. పదవ తరగతితో పాటు ఐటీఐలో ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ ట్రేడు కావాలన్నారు. లేదా ఇంటర్మీడియట్‌లో విద్యుత్ గృహోపకరణాలు, రివైండింగ్ వంటి వృత్తివిద్యా కోర్సు కావాలన్నారు. స్తంభం ఎక్కే పరీక్ష, మీటరు చదివే పరీక్ష, సైకిలు తొక్కే పరీక్ష పెట్టారు. స్తంభం ఎక్కడంలో మన పిల్లలను ఓడించేవారు ఉన్నారా? రివైండింగ్‌ను పదేళ్ళుగా చేస్తున్నవారు మనలో ఎంతమంది? కానీ దరఖాస్తు నింపడానికి మా బల్ల దగ్గరకు వచ్చిన యువకులలో సగానికి పైగా పదవ తరగతి దగ్గరో, ట్రేడు సర్టిఫికెట్ దగ్గరో ఆగిపోయారు. స్తంభం దాకా పోయే అవకాశమే వారికి రాలేదు.

రిజర్వేషను ఉన్నది కదా అని కొందరు అంటారు. ఉన్నది. 2007లో చేసిన చట్టం ద్వారా బీసీ-ఇ వర్గానికి 4 శాతం రిజర్వేషను వచ్చినది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్ల అది కొనసాగుతున్నది. దాని కోసం ఎందరో ఏళ్ళ తరబడి పోరాడారు. ఆ పోరాటాన్ని మేము చిన్నబుచ్చము. కానీ రిజర్వేషను మనలను వాకిలి వరకు తీసుకుపోతుంది, లోపలికి పోవాలంటే అర్హత పత్రం చూపాలి. వాకిలి కోసం పోరాడిన మనము ఆ పత్రం కోసం పిల్లలను సిద్ధం చేయలేదు. ఇందులో మా తరం తప్పు కూడా ఉన్నది. మేము గుమస్తాలమైనందుకు మా పిల్లలూ బల్ల ముందు కూర్చోవాలనుకున్నాము. చేతి పనిని చదువురాని వాని గతిగా చూశాము. ఐటీఐ అన్న మాట మన ఇళ్ళలో మర్యాదగా పలకలేదు. ఆ తప్పును ఈ సభలో ఒప్పుకుంటున్నాము.

ఇక కాగితం ఎట్లా సంపాదించాలి? ఎనిమిదవ తరగతితో చదువు ఆపినవారు నిరాశపడనక్కరలేదు. ఐటీఐలో వైర్‌మన్ ట్రేడుకు ఎనిమిదవ తరగతి చాలు. ఎలక్ట్రీషియన్ ట్రేడుకు పదవ తరగతి కావాలి. రెండూ రెండేళ్ళ కోర్సులే. పదవ తరగతి తప్పినవారు సార్వత్రిక పాఠశాల ద్వారా పూర్తి చేయవచ్చును. 1961 అప్రెంటిస్ చట్టం కింద కర్మాగారాలలో భత్యంతో శిక్షణ పొంది జాతీయ ధ్రువపత్రం తీసుకోవచ్చును. ఇప్పటికే పని చేస్తున్నవారికి పూర్వానుభవాన్ని పరీక్షించి గుర్తించే పద్ధతి కేంద్ర నైపుణ్య పథకంలో 2015 తరువాత వచ్చినది. ఈ దారులన్నీ ఒకే విలువ గలవి కావు. ఉద్యోగానికి, పర్మిట్‌కు ఐటీఐ సర్టిఫికెటే బలమైనది. అందుచేత వయసులో ఉన్నవారు ఆ దారినే పట్టాలని మా సలహా.

దరఖాస్తులు నింపేవారిగా మరొక మాట చెప్పాలి. మన పిల్లల దరఖాస్తులు ఎక్కువగా పేరు దగ్గరనే తిరిగివస్తున్నాయి. ఆధార్‌లో షేక్ అని, పదవ తరగతి సర్టిఫికెట్‌లో ఎస్‌కే అని, బ్యాంకు పుస్తకంలో షైక్ అని ఉంటుంది. తండ్రి పేరు ఒకచోట బాషా, ఇంకొకచోట బాషు. అధికారికి ఇవి ముగ్గురు మనుషుల పేర్లు. బడిలో చేర్చేనాడే పేరు, కులం సరిగా రాయించండి. బడి రికార్డులో ఉత్తి "ముస్లిం" అని రాయిస్తే తరువాత బీసీ-ఇ పత్రానికి తిరగవలసి వస్తుంది. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు బీసీ-బి కిందకు, మెహతర్ కుటుంబాలు బీసీ-ఎ కిందకు వస్తాయి. సయ్యద్, మొఘల్, పఠాన్ కుటుంబాలకు బీసీ-ఇ వర్తించదు. వారు ఆదాయ పరిమితికి లోబడితే 2019 నుండి ఉన్న ఆర్థికంగా వెనుకబడిన వర్గాల పత్రానికి దరఖాస్తు చేయాలి. ఎవరిది ఏ వరుసో తెలియక నెలలు పోగొట్టుకున్నవారిని మేము చూశాము.

గల్ఫ్‌కు పోయే ఎలక్ట్రీషియన్లకు కూడా ఇదే సూత్రం. పదవ తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మీద వలస తనిఖీ ముద్ర పడుతుంది. గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే వారికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఇప్పుడు సౌదీ అరేబియా ఎలక్ట్రీషియన్, ఏసీ మెకానిక్ వంటి పనులకు పోయేవారికి ముందే నైపుణ్య పరీక్ష పెడుతున్నది. నమోదైన ఏజెంటు ద్వారానే పోండి. ప్రవాసీ భారతీయ బీమా యోజనలో రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు ప్రీమియం. ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయల బీమా. ఏజెంటుకు వేలకు వేలు పోసేవారు ఈ కొద్దిపాటి సొమ్ము దగ్గర పొదుపు చేయరాదు.

కొత్తగా తెరుచుకుంటున్న ద్వారం సౌర విద్యుత్తు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన సూర్యఘర్ పథకం కోటి ఇళ్ళ పైకప్పుల మీద సౌర పలకలు పెట్టాలని సంకల్పించినది. ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు లేదా అంతకు మించితే 78 వేల రూపాయల సబ్సిడీ. ఆ పలకలను బిగించేది ఎవరు? నమోదైన సంస్థలకే ఆ పని ఇస్తున్నారు. లైసెన్సు గల కాంట్రాక్టరుగా మనవాడు ఇప్పుడే నిలబడకపోతే, రేపు ఈ రంగంలోనూ అతడు నిచ్చెన మోసే కూలీగానే మిగులుతాడు. పెద్ద పెద్ద ఆశలతో ఎదురుచూడడం మన తీరానికి కొత్త కాదు. 2008లో వాడరేవు, నిజాంపట్నం రేవుల పారిశ్రామిక కారిడార్ అన్నారు. ఆ రేవు రాలేదు. వచ్చే పరిశ్రమ కోసం కూర్చోవడం కన్న ఉన్న పనికి హక్కు సంపాదించడం మేలు.

అమ్మాయిల సంగతి మరువరాదు. ఈ పని ఆడపిల్లలది కాదని అనేవారికి ఒక ఉదాహరణ. తెలంగాణలో సిద్దిపేట జిల్లాకు చెందిన శిరీష అనే అమ్మాయి లైన్‌మన్ పోస్టుకు స్త్రీలను అనుమతించకపోతే హైకోర్టుకు పోయి, స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గి, 2022లో ఉద్యోగంలో చేరినది. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కళాశాల చదువురాని పల్లె స్త్రీలకు, ఆఫ్రికా దేశాల అవ్వలకు కూడా సౌర దీపాల తయారీ, మరమ్మతు నేర్పినది. మన అమ్మాయిలు అందరూ స్తంభం ఎక్కాలని మేము అనడం లేదు. ఫోను మరమ్మతు, మీటర్ల పరీక్ష, డిప్లొమా చదువు, సబ్‌స్టేషను లెక్కలు వారికి ఎందుకు అందరానివి కావాలి?

చివరగా మా విన్నపాలు. ఉస్తాదులారా, మీరు మన సమాజానికి బడి లేని చోట బడి అయినారు. ఇకమీద పద్నాలుగేళ్ళలోపు పిల్లవానిని షెడ్డులో చేర్చుకోకండి, అది చట్టవిరుద్ధం కూడా. మీ దగ్గర పనిచేసే ప్రతివాని పేరు, చేరిన తేదీ, నెల జీతం ఒక నోటుపుస్తకంలో రాయండి. జీతం చేతికి ఇవ్వకుండా ఫోను ద్వారా బ్యాంకులో వేయండి. అదే రేపటి సాక్ష్యం. యువకులారా, ఇళ్ళ నిర్మాణంలో వైరింగు చేసేవారు భవన నిర్మాణ కార్మికులుగా నమోదు కావచ్చును. ఏడాదిలో 90 రోజుల పని చూపితే చాలు. ఈ-శ్రమ్ కార్డు తీసుకోండి. తడి నేల మీద పనిచేసేటప్పుడు మెయిన్ ఆపి, తాళం మీ జేబులో పెట్టుకోండి. 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపోయే ఈఎల్‌సీబీ లేని చెరువు మీద మోటారు ముట్టనని చెప్పండి. మీ పేరున లైన్ క్లియర్ లేని స్తంభం ఎక్కకండి. రోజు కూలి పోతే మరునాడు వస్తుంది. తల్లిదండ్రులారా, కుమారుడు సంపాదిస్తున్నాడు గదా అని చదువు మాన్పించకండి. పని నేర్చుకుంటూనే పదవ తరగతి, ఐటీఐ పూర్తి చేయించండి. సంఘాల పెద్దలారా, పండుగ సభలకు పెట్టే ఖర్చులో కొంత తీసి ఏడాదికి పదిమంది పిల్లల ఐటీఐ రుసుము కట్టండి. పర్మిట్ పరీక్షకు దరఖాస్తు చేసేవారి కోసం ప్రతి పట్నంలో ఒక బల్ల పెట్టండి. అక్కడ కూర్చోవడానికి మాబోటి విశ్రాంత ఉద్యోగులు ప్రతిచోటా ఉన్నారు. వారిని పిలవండి, వస్తారు.

ఆ తల్లి కుమారుని తమ్ముడు ఇప్పుడు వైర్‌మన్ ట్రేడు రెండవ సంవత్సరంలో ఉన్నాడు. సాయంత్రం అన్న పనిచేసిన షెడ్డులోనే పని చేస్తున్నాడు. ప్రతి నెల జీతం బ్యాంకులో పడినట్లు తన ఫోనులో వచ్చిన సందేశాన్ని మాకు చూపించి పోతాడు. ఆ సందేశం చూసినప్పుడు మాకు కలిగే తృప్తి మా ఉద్యోగ జీవితంలో ఎప్పుడూ కలగలేదు. మీ ఇంట కూడా అటువంటి కుర్రవాడు ఉంటే వచ్చే ఆదివారం మా బల్ల దగ్గరకు పంపండి. వచ్చేటప్పుడు ఆధార్ కార్డు, బడి సర్టిఫికెట్ తెచ్చుకొమ్మని చెప్పండి.